సహాయక చర్యల నుంచి పర్యావరణ పరిశోధనకు

ప్రశ్న: నా వయసు 34. ఎం.ఎస్.డబ్ల్యూ. చదివాను. 2014 హుద్‌హుద్ తుపాను నాటి నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఉత్తరాంధ్రలో సహాయ, పునరావాస పనులు చేస్తున్నాను. 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో ఉన్నాను. ప్రతిసారీ అవే ఊళ్లలో అవే టార్పాలిన్లు పంచుతున్నాం. ఇకపై పర్యావరణ సుస్థిరతపై పరిశోధన చేయాలని ఉంది. సైన్సు డిగ్రీ లేనివారికి అది సాధ్యమేనా? ఉద్యోగం మానేయాలా?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: సాధ్యమే. అయితే అలల తీరును, ఇసుక కదలికను కొలిచే పరిశోధన వేరు, ఆ మార్పుల వల్ల ఎవరి బతుకుతెరువు ఎలా మారుతోందని అడిగే పరిశోధన వేరు. మొదటిదానికి మన ఊళ్లోనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నా, భౌతికశాస్త్రం, గణితం బాగా వచ్చినవారికే అది అందుతుంది. రెండోదానికి మీ చదువు అడ్డు కాదు, మీ అనుభవం పెద్ద అండ.

మీరు చూసిన ఉద్దానాన్నే తీసుకోండి. తిత్లీకి కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. చెట్ల లెక్కన ఇచ్చే పరిహారం తోట ఉన్నవారికి చేరుతుంది గాని, ఆ తోటలో కాయ దింపి, పీచు ఒలిచి బతికే కూలీకి చేరదు. తిరిగి నాటిన కొబ్బరి కాపుకు రావడానికి అయిదారేళ్లు, దేశవాళీ రకమైతే ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ మధ్యకాలంలో కూలీలు ఎటు వెళ్లారు, రైతులు మళ్లీ కొబ్బరే నాటారా, వేరే పంటకు మారితే భూగర్భజలం మీద భారం పెరిగిందా తగ్గిందా అన్నవి మంచి పరిశోధనాంశాలు. సహాయక రంగంలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు అన్న స్ఫియర్ ప్రమాణం (విపత్తు సాయానికి అంతర్జాతీయంగా పాటించే కనీస ప్రమాణాల్లో ఒకటి) మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఆ నీరు ఏ బోరు నుంచి తెచ్చారు, తర్వాత ఆ బోరు ఏమైంది అని ఇకపై మీరు అడగాలి.

ఒక హెచ్చరిక. పంపిణీ కోసం రాసుకున్న లబ్ధిదారుల జాబితాలను సిద్ధాంత వ్యాసానికి సమాచారంగా వాడకండి. ఆ మనుషులు బియ్యం కోసం పేరు చెప్పారే తప్ప పరిశోధనకు సమ్మతించలేదు. పైగా సాయం అందనివారు ఆ జాబితాల్లో ఉండరు, మీకు ముఖ్యంగా కావలసింది వారే.

పీహెచ్‌డీ ప్రవేశానికి పీజీలో సాధారణంగా 55 శాతం మార్కులు కావాలి, రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. యూజీసీ నెట్ (జాతీయ అర్హత పరీక్ష)ను మీరు చదివిన సోషల్ వర్క్‌లోనే రాయండి. ఆ పరీక్ష ద్వారా పరిశోధకులకు ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్)కు వయోపరిమితి 30 ఏళ్లయినా మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది కాబట్టి ఈ అవకాశాన్ని వాయిదా వేయకండి. 2023 నుంచి ఆ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. పరీక్షకు చదువుతూనే, మ్యాపులు, ఉపగ్రహ చిత్రాలు విశ్లేషించే క్యూజీఐఎస్ నేర్చుకోండి; ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం, 1972 నుంచి ఉన్న ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే. తుపానుకు ముందూ తర్వాతా ఉద్దానం పచ్చదనం ఎలా ఉందో మీ ఇంట్లో కూర్చునే పోల్చుకోవచ్చు. గణాంకశాస్త్రం కూడా కొంత తప్పదు. మీలాంటి వారు ఎక్కువగా వెనకాడేది ఇక్కడే.

ఉద్యోగం ఇప్పుడే మానేయమని నేను చెప్పను. యాజమాన్యం నిరభ్యంతర పత్రం ఇస్తే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి, గరిష్ఠ గడువు సాధారణంగా ఆరేళ్లు. ముందు మీ అంశాన్ని రెండు పేజీల్లో రాసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్, పర్యావరణ శాస్త్రం విభాగాల అధ్యాపకులను కలిసి చూపించండి. పర్యవేక్షకులు ఎవరో తేలాక, ఫెలోషిప్ వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి రాజీనామా సంగతి ఆలోచించవచ్చు.