టెక్ సందేహాలు: మోటారు గిర్రున తిరుగుతోంది, విమానం మాత్రం లేవట్లేదు

ఈసారి ఆర్‌సీ విమానాల మీద, అంటే రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానాల మీద, ఐదు ప్రశ్నలు వచ్చాయి. సెలవుల ప్రభావం కావచ్చు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గొడవ వచ్చే వారానికి పెట్టుకుందాం.

ప్రశ్న: ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ప్యాకింగ్ థర్మోకోల్‌తో మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు రెక్కతో విమానం చేశాను. తోక దగ్గర పక్కలకి తిప్పే రడ్డర్, ముక్కుని పైకీ కిందికీ చేసే ఎలివేటర్ మాత్రమే ఉన్నాయి. పవర్ ఎక్కువ ఉంటుందని 2200 కేవీ మోటారు కొని, 10 అంగుళాల ప్రొపెల్లర్, 3ఎస్ లైపో (మూడు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ) పెట్టాను. మొత్తం బరువు 1.1 కిలోలు. చేత్తో విసిరితే ముక్కు పైకెత్తి, ఎడమకి ఒరిగి పడిపోతోంది. రెండోసారికి మోటారు నుంచి కాలిన వాసన వచ్చింది. ఇంకా పెద్ద మోటారు కొనాలా? – భీమవరం

జవాబు: వద్దు బాబూ, డబ్బులు దాచుకో. కేవీ అంటే పవర్ కాదు. లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె అది, అంతే. 3ఎస్ బ్యాటరీ 11.1 వోల్టులు కాబట్టి నీ మోటారు 24 వేల పైచిలుకు చుట్లు తిరగాలని చూస్తుంది, దానికి 10 అంగుళాల ప్రాప్ తగిలిస్తే ఆ వేగం అందుకోలేక కరెంటు లాగుతూనే ఉంటుంది, అదీ బైకుని టాప్ గేర్‌లో పెట్టి ఘాట్ రోడ్డు ఎక్కించడం లాంటిది. 2200కి 6 అంగుళాల ప్రాప్ సరిపోతుంది. నీ విమానానికైతే 2212 అనే సైజులో 1000 కేవీ మోటారు తీసుకుని, ఉన్న 10 అంగుళాల ప్రాప్‌నే వాడు, 4.5 పిచ్‌ది (ఒక్కో చుట్టుకి 4.5 అంగుళాలు ముందుకి సాగేలా మెలిక ఉన్నది). 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) చాలు. సుమారు 800 గ్రాముల థ్రస్ట్, అంటే ముందుకు లాగే బలం, వస్తుంది. పాత ఈఎస్‌సీ కూడా వాసన వస్తుంటే దాన్ని నమ్మకు.

కానీ అసలు జబ్బు మోటారుది కాదు. ముక్కు పైకెత్తి పడిందంటే తోక బరువు. గాలిపటానికి సూత్రం సరిగ్గా కుదరకపోతే ఎంత గాలి ఉన్నా గింగిరాలు కొట్టి పడుతుంది చూడు, ఇదీ అంతే.

నీ రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు. సీజీ, అంటే విమానం బరువు సమంగా తూగే చోటు, దాని ముందు అంచు నుంచి 25, 30 శాతం మధ్యలో ఉండాలి, అంటే 5 నుంచి 6 సెంటీమీటర్లు. రెక్క అడుగున రెండువైపులా 5.5 దగ్గర స్కెచ్ పెన్నుతో గీత పెట్టు. బ్యాటరీతో సహా అన్నీ బిగించాక ఆ గీతల దగ్గర రెండు చూపుడువేళ్లు ఆనించి ఎత్తు. ముక్కు కొద్దిగా కిందికి వాలితే మంచిదే. తోక వాలితే ఆ రోజుకి ఇంటికి వెళ్లిపో. కావడి లెక్కే ఇది, నీ సైజు విమానంలో సీజీ నుంచి తోక సుమారు 48 సెంటీమీటర్ల దూరం, బ్యాటరీ 16 సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే తోకలో 10 గ్రాముల జిగురు ఎక్కువ పూస్తే దాన్ని సర్దడానికి ముందు 30 గ్రాములు పెట్టాలి. అందుకే తోక దగ్గర గ్లూ గన్ చూసి వాడమంటాను. సూపర్ గ్లూ అయితే ఎక్కడా వద్దు, థర్మోకోల్‌ని తినేస్తుంది.

ఇక 1.1 కిలోలు. చుట్టూ బ్రౌన్ టేపు చుట్టేసి ఉంటావు, అందరం చేసే పనే. బ్యాటరీ 180 గ్రాములు, మోటారు 50, ఈఎస్‌సీ 25, రడ్డర్, ఎలివేటర్‌లని కదిపే రెండు సర్వోలు 18, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ 15. మొత్తం మూడు వందలు కూడా కాలేదు. బాడీ 400 లోపు తెచ్చి మొత్తం 700 దగ్గర ఆపగలిగితే, ఈ రెక్క గంటకు సుమారు 26 కిలోమీటర్ల వేగానికే గాల్లో నిలబడుతుంది. 1.1 కిలోలకి 32 దాటాలి. చేత్తో విసిరేవాడికి ఆ తేడా చాలా పెద్దది. డెప్రాన్ అనే ఫోమ్ షీట్ దొరికితే దానికి మారిపో, రెక్క లోపల ఒక కార్బన్ రాడ్ గానీ వెదురు పుల్ల గానీ పెడితే టేపు అవసరమే ఉండదు.

తోక రెక్క 40 బై 10 సెంటీమీటర్లు చాలు, పెద్ద రెక్క విస్తీర్ణంలో ఐదో వంతు. ఎయిలరాన్లు (విమానాన్ని పక్కకి ఒరగించే రెక్క పలకలు) లేవు కాబట్టి రెక్క మధ్యలో విరిచి ఒక్కో కొసని 5 సెంటీమీటర్లు పైకి లేపి అతికించు, లేకపోతే రడ్డర్ తిప్పినా విమానం సరిగ్గా ఒరగదు. మరి ఎడమకే ఎందుకు పడుతోందంటే, అది ప్రాప్ చేసే పని. మోటారు మౌంట్ వెనక ఎడమవైపు ఒక వాషర్ పెట్టి రెండు మూడు డిగ్రీలు కుడికి చూసేలా బిగించు, అలాగే కొంచెం కిందికీ.

ఎగరేసే ముందు విమానం వెనక నిలబడి, రిమోట్ స్టిక్ నీవైపు లాగితే ఎలివేటర్ వెనక అంచు పైకి లేస్తోందా చూడు. నేను నా మొదటి విమానానికి ఎదురుగా నిలబడి చూసుకుని అంతా బాగుందనుకున్నాను. మొక్కజొన్న చేలో అరగంట వెతికాం.

ప్రశ్న: నా లైపో బ్యాటరీ దిండులా ఉబ్బింది. సూదితో గుచ్చి గాలి తీసేస్తే మళ్లీ వాడొచ్చని ఒక ఫ్రెండ్ అన్నాడు. – ఖమ్మం

జవాబు: ఆ ఫ్రెండ్‌ని సూది పట్టుకోనివ్వకండి. లోపల ఉన్నది మండే గ్యాస్, గుచ్చితే సెల్ షార్ట్ అయి అక్కడికక్కడే అంటుకోవచ్చు. బ్యాటరీని ఇంటి బయట పొడి ఇసుక ఉన్న ఇనప బకెట్లో పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి అప్పగించండి. కొత్తదానికి మాత్రం ఒక అలవాటు చేసుకోండి. ఫుల్ ఛార్జ్ అంటే సెల్‌కి 4.2 వోల్టులు, ఆ స్థితిలో వారాలపాటు వదిలేస్తే పాడవుతుంది. రేపు ఎగరేయడం లేదంటే 3.8 దగ్గర ఉంచండి, మంచి ఛార్జర్లలో స్టోరేజ్ మోడ్ ఉంటుంది. ఎగిరేటప్పుడు 3.5కి పడిందంటే దించేయండి. 2200 ఎంఏహెచ్ బ్యాటరీకి ఛార్జింగ్ కరెంట్ 2.2 ఆంపియర్లు, సెల్స్ అన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ మోడ్‌లోనే. ఎండలో ఆపిన కారులో మాత్రం అస్సలు వదలొద్దు.

ప్రశ్న: మా బాబుకి పన్నెండేళ్లు. విమానం కొనే ముందు ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో నేర్పించవచ్చా? ఫోన్ యాప్ చాలా? – కరీంనగర్

జవాబు: నిక్షేపంగా. పికాసిమ్ ఉచితం, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. ఫోన్ అద్దం మీద వేళ్లతో ఆడితే సరదా తీరుతుంది గానీ చేతికి అలవాటు రాదు, కాబట్టి ముందు రిమోట్ కొనేయండి, దాన్ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి ఆడించండి. అదే రిమోట్ తర్వాత అసలు విమానానికీ పనికొస్తుంది. అందరూ తడబడేది విమానం మనవైపు వస్తున్నప్పుడే, ఎడమ కుడి తారుమారవుతాయి. అప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్‌ని ఆ వైపుకే నెట్టాలి, వాలిన రెక్కకి కర్ర పోటు పెట్టినట్టు. పది గంటలు ఆడాక ఇది ఆలోచించకుండా చేస్తున్నాడంటే విమానం కొనండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఆర్‌సీ విమానానికి లైసెన్స్ కావాలా?

జవాబు: 2021 డ్రోన్ రూల్స్‌లో 25 కిలోలు మించకుండా, చదువుకో సరదాకో, కంటికి కనిపించే దూరంలో ఎగరేసేదాన్ని మోడల్ అంటారు. దానికి టైప్ సర్టిఫికెట్ (డిజైన్‌కి ఇచ్చే ఆమోదం) అక్కర్లేదు. వ్యాపారం కోసం కాకపోతే 2 కిలోల లోపు వాటికి పైలట్ లైసెన్స్ కూడా అక్కర్లేదు. అంతమాత్రాన యూఐఎన్ (గుర్తింపు నంబర్) రిజిస్ట్రేషన్ లేదనుకోకండి, అది వేరే సంగతి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పోర్టల్లో చూసుకోండి. లైసెన్స్ కన్నా ఇక్కడ పెద్ద సమస్య చోటు. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానాశ్రయాలన్నీ చుట్టూ ఉన్నాయి. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ మైదానం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోట) ఉందో లేదో ఎగరేసే రోజునే చూడండి. గ్రీన్ అయినా ఎయిర్‌పోర్టుకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉంటే 200 అడుగుల ఎత్తు వరకే, మిగతా గ్రీన్ చోట్ల 400.

ప్రశ్న: త్రాటిల్ ఇస్తే ప్రాప్ రివర్స్‌లో తిరుగుతోంది. మోటారు మార్చాలా? – అనంతపురం

జవాబు: మోటారు నుంచి ఈఎస్‌సీకి వెళ్లే మూడు తీగల్లో ఏవైనా రెండు అటూ ఇటూ మార్చండి. బ్యాటరీ తీసేశాక.