మురుగు నీటి వాసనకు మందు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ఎస్టీపీకి (మురుగునీటి శుద్ధి ప్లాంటు) రోజుకు 40 వేల లీటర్ల మురుగు వస్తుంది. సాయంత్రమయ్యేసరికి కలెక్షన్ ట్యాంక్ దగ్గర కుళ్ళిన కోడిగుడ్ల కంపు. రోజూ రెండు కిలోల బ్లీచింగ్ వేస్తున్నాం. గంటసేపు తగ్గి మళ్ళీ మొదలవుతోంది. ఏం చేయాలి?
– ఒక అపార్ట్‌మెంట్ సంఘం, పటమట, విజయవాడ

జవాబు: ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ముందు టెస్ట్ కిట్‌తో సల్ఫైడ్ ఎంతుందో చూడండి. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, మీ నీటిలో రోజుకు 200 గ్రాములు. ఒక గ్రాము సల్ఫైడ్‌ను పూర్తిగా సల్ఫేట్‌గా మార్చాలంటే 9 గ్రాముల క్లోరిన్ కావాలి, అంటే 1,800 గ్రాములు. మీ రెండు కిలోల బ్లీచింగ్ తాజాదైనా అందులో క్లోరిన్ 600-700 గ్రాములకు మించి ఉండదు. మన ఎండలకు బస్తాలో అదీ తగ్గిపోతుంది. పైగా మురుగులోని అమ్మోనియా, మలినాలు కొంత తినేస్తాయి. అలాగని ఏడెనిమిది కిలోలకు పెంచకండి. మిగిలిన క్లోరిన్, గాలి ఊదే ఏరేషన్ ట్యాంక్‌లోకి వెళ్ళి, నీటిని శుద్ధిచేసే బ్యాక్టీరియానే చంపేస్తుంది.

ఇక్కడ హైడ్రోజన్ పెరాక్సైడ్ మేలు. గ్రాము సల్ఫైడ్‌కు రెండు గ్రాముల లెక్కన 400 గ్రాములు, అంటే 50 శాతం ద్రావణం సుమారు 650 మిల్లీలీటర్లు. ఒకేసారి గుమ్మరించకుండా, డోసింగ్ పంప్‌తో మురుగు వచ్చి పడే చోటే రోజంతా కొంచెం కొంచెంగా వదలండి. 15-20 నిమిషాల్లో పని అయిపోతుంది. మిగిలిన పెరాక్సైడ్ ఆక్సిజన్, నీళ్ళుగా విడిపోతుంది. ఇనుము, రాగి, ఇత్తడి దానికి తగలకూడదు. డబ్బాకు గాలి పోయే మూత ఉండాలి, లేకపోతే ఉబ్బి పగులుతుంది. చేతులకు పీవీసీ గ్లౌజులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. బ్లీచింగ్‌తో కలపనే కలపకండి.

అయితే ట్యాంక్ అడుగున పూడిక ఉంటే ఏ మందూ నిలబడదు, సల్ఫైడ్ పుట్టేది అక్కడే. సక్షన్ ట్యాంకర్‌తో తీయించి, బ్లోయర్ గాలి అడుగువరకు అందేలా చూడండి. ఆ పనికి మనిషిని మాత్రం దించకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు గాలిలో 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన లేదని నమ్మి దిగినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ప్రశ్న: మురుగు వాసనకు పొటాషియం పర్మాంగనేట్ వాడొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పనిచేస్తుంది. కానీ గ్రాము సల్ఫైడ్‌కు 6-7 గ్రాములు పడుతుంది, ఖరీదు. గోధుమ రంగు మాంగనీస్ బురద మిగులుతుంది. స్లడ్జ్ (శుద్ధిలో మిగిలే బురద) పిండే చోట వాసన తగ్గించడానికి వాడండి, ట్యాంక్ అంతటికీ వద్దు.