టార్గెట్ టెన్షన్, కడుపులో మంట, షాపు మెట్లెక్కాలంటే గుండె దడ.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 34. నరసరావుపేటలో ఉంటాను. సబ్బులు, బిస్కెట్లు అమ్మే ఓ కంపెనీ తరఫున కిరాణా షాపులు తిరిగి ఆర్డర్లు తీసుకోవడం నా పని. రోజూ బండి మీద 40 షాపుల దాకా తిరగాలి. పొద్దున టీ తాగి బయల్దేరితే మళ్లీ భోజనం మూడున్నరకో, నాలుగింటికో. మధ్యలో ఏడెనిమిది టీలు. రాత్రి పది దాటాక కడుపునిండా తిని పడుకుంటాను. ఏడాదిగా కడుపులో మంట, పుల్లటి తేన్పులు. మెడికల్ షాపులో ఇచ్చిన గ్యాస్ క్యాప్సూల్ రోజూ వేసుకుంటున్నాను. నెలాఖరు వారంలో నిద్ర పట్టదు, ఛాతీలో బరువుగా ఉంటుంది. ఈమధ్య షాపు ముందు బండి ఆపాక లోపలికి వెళ్లాలంటే గుండె దడ వస్తోంది. మోటివేషన్ వీడియోలు చూస్తే కాసేపు హుషారుగా ఉంటుంది. వరసగా నాలుగు షాపుల్లో ‘ఇవాళ ఏం వద్దులే’ అనేసరికి అంతా పోతుంది. తోటి సేల్స్‌మన్ అశ్వగంధ వేసుకోమంటున్నాడు. మందుల జోలికి పోకుండా సహజంగా తగ్గించుకునే దారి చెప్పగలరు. – ఓ పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీరు రాసినవాటిలో ముందు పట్టించుకోవాల్సింది ఛాతీలో బరువు. అది గ్యాస్ అనో, టెన్షన్ అనో మీకు మీరే తేల్చేసుకోవద్దు. మనవాళ్లకు గుండెజబ్బులు చిన్న వయసులోనే వస్తున్నాయి. ముప్పైల్లో ఉన్నవారిలోనూ గుండెపోటు చూస్తున్నాం. వారిలో కొందరు ‘గ్యాసే కదా’ అని ఒక మాత్ర వేసుకుని, విలువైన గంటలు పోగొట్టుకుని వస్తారు. అందుకే ఈ వారమే ఈసీజీ తీయించుకోండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి. బీపీ చూసే ముందు అరగంట పాటు టీ, సిగరెట్ ముట్టకూడదు. బండి దిగీ దిగగానే కాకుండా ఐదు నిమిషాలు కూర్చున్నాక చూపించుకుంటేనే అంకె సరిగా వస్తుంది. ఈసీజీ బాగానే ఉన్నా, మెట్లెక్కినప్పుడో, బరువు మోసినప్పుడో ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు విడిగా చెప్పండి. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరం కావచ్చు. ఎప్పుడైనా ఛాతీ నొప్పితో పాటు చెమటలు పట్టినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ స్థితిలో బండి మీరే నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లొద్దు.

గుండెకు ఇబ్బంది లేదని తేలాక మిగతావన్నీ చాలావరకు మీ చేతిలో ఉన్నవే. మందులు లేకుండా తగ్గుతుందా అని అడిగారు. కడుపు మంట విషయంలో మీ భోజనం వేళలు మారకుండా ఏ మందు వేసుకున్నా పూర్తిగా తగ్గదు. ఖాళీ కడుపున టీ పడుతోంది, మధ్యాహ్నం దాకా తిండి లేదు, రాత్రి పదింటికి ఒకేసారి బోలెడంత తిని వెంటనే నడుం వాలుస్తున్నారు. కడుపు నిండుగా ఉండగా పడుకుంటే లోపలి ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. పుల్లటి తేన్పులకు కారణం అదే. తెల్లవారుజామున గొంతులో మంట, పొడిదగ్గు, గొంతు బొంగురుపోవడం కూడా చాలామందిలో దీనివల్లే వస్తాయి. రోజంతా మాట్లాడితేనే పని జరిగే మీకు గొంతు ఎంత ముఖ్యమో నేను చెప్పక్కర్లేదు. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

ఇంట్లోంచి బయల్దేరేముందు ఏదో ఒకటి తినండి. ఇడ్లీ, ఉప్మా చేసే తీరిక లేకపోతే రాత్రి అన్నంలో పాలు పోసి తోడుపెట్టిన చద్దన్నం ఉల్లిపాయతో తిన్నా చాలు, చాలామందికి కడుపు చల్లగా ఉంటుంది. అదీ కుదరకపోతే గ్లాసుడు రాగి జావ. పదకొండు ప్రాంతంలో ఒక అరటిపండో, గుప్పెడు ఉడికించిన శనగలో, వేయించిన పల్లీలో. ఇవి బ్యాగులో పడేసుకుంటే ఎక్కడైనా తినొచ్చు. భోజనం ఒకటిన్నరకల్లా అయిపోవాలి. ‘లైన్ (ఆ రోజు తిరగాల్సిన షాపుల వరస) మధ్యలో ఆగితే షాపులు మిగిలిపోతాయి’ అని నా దగ్గరకొచ్చే సేల్స్‌వాళ్లు అంటుంటారు. ఒకటిన్నర, రెండున్నర మధ్య షాపు ఆయన కూడా క్యారేజీ విప్పుకుని కూర్చుంటాడు, లేదా కుర్రాడిని కూర్చోబెట్టి ఇంటికి వెళ్తాడు. ఆ వేళలో మీకు వచ్చే ఆర్డర్లు ఎన్ని? ఒక్క వారం గమనించండి. ఇంటి నుంచి బాక్స్ తెచ్చుకుని ఏ డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లోనో పావుగంట కూర్చుని తినండి. నాలుగింటికి ఆకలి మీద బజ్జీలు, పరోటాల వైపు చూసే అవసరం రాదు. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకు, కొంచెం తేలిగ్గా. పడుకోవడానికి కనీసం రెండు మూడు గంటల ముందు ముగించండి. రాత్రి మంట ఎక్కువగా ఉంటే మంచం తలవైపు కోళ్ల కింద చెక్కలు పెట్టి అరడుగు ఎత్తు చేయండి. ఎడమవైపు తిరిగి పడుకున్నా ఉపశమనం ఉంటుంది.

ఇక టీ. ఏడెనిమిది టీలు మీరు ఇష్టపడి తాగుతున్నవి కావని నాకు తెలుసు. షాపు ఆయన మర్యాదకు తెప్పిస్తాడు, వద్దంటే ఏమనుకుంటాడోనని తాగుతారు. ‘ఇప్పుడే తాగొచ్చానన్నా, మంచినీళ్లివ్వండి చాలు’ అనండి. ఎవరూ ఏమీ అనుకోరు. పైగా నీళ్లూ లోపలికి పోతాయి. ఒక్కో టీలో ఆరేడు గ్రాముల చక్కెర అనుకున్నా ఎనిమిది టీలకు 50 గ్రాములు దాటుతుంది. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరున్నరకు తాగింది రాత్రి పదకొండున్నరకు కూడా మీ ఒంట్లో తిరుగుతూనే ఉంటుంది. నిద్ర పట్టకపోవడంలోనూ, గుండె దడలోనూ దాని వాటా ఉంది. అలాగని రేపటి నుంచే అన్నీ మానేయొద్దు, తలనొప్పి పట్టుకుంటుంది. రెండు మూడు రోజులకు ఒకటి చొప్పున తగ్గించుకుంటూ రోజుకు రెండు మూడింటికి రండి. సాయంత్రం నాలుగు తర్వాత వద్దు.

మీది రెంటచింతల ఎండలు తెలిసిన జిల్లా. వేసవిలో మీలా తిరిగేవారు చేసే పెద్ద పొరపాటు, బాత్రూం దొరకదని నీళ్లు తాగకపోవడం. సేల్స్‌లో ఉన్న ఆడవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. దానివల్లే మూత్రంలో ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు. మీ దారిలో పెట్రోల్ బంకులు, బస్టాండ్లు ఎక్కడెక్కడున్నాయో గుర్తుపెట్టుకుని ధైర్యంగా తాగండి. మూత్రం లేత పసుపులో వస్తుంటే నీళ్లు సరిపోతున్నట్టు, ముదురు రంగులో వస్తుంటే సరిపోనట్టు. చిటికెడు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కూల్‌డ్రింకు కంటే వందరెట్లు మేలు. కడుపు మంట ఉన్నంతకాలం నిమ్మరసం, పరగడుపున నిమ్మకాయ–తేనె, యాపిల్ సిడార్ వెనిగర్ లాంటివి మీకు పనికిరావు.

షాపు ముందు దడ గురించి. మీరు దాన్ని పిరికితనం అనుకుంటున్నారేమో అనిపించింది. కాదు. కాదంటారేమోనన్న భయం, కలెక్షన్ రాకపోతే మేనేజర్ ఏమంటాడోనన్న ఆలోచన కలిసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి. తిండి, నిద్ర సరిగా లేని రోజున అదే భయం రెట్టింపుగా తెలుస్తుంది. దీనికి అప్పటికప్పుడు చేయదగినది ఒకటుంది. బండికి స్టాండ్ వేశాక ఫోన్ తీయకండి. బండి మీదే కూర్చుని ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టే దాకా గాలి పీల్చండి, ఆరు అంకెల దాకా నిదానంగా వదలండి. నిమిషానికి ఆరుసార్లు అవుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. గాలి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. ఆ వదిలే సమయాన్ని పెంచితే దడ కూడా నెమ్మదిస్తుంది. అయితే షాపు ముందే మొదలుపెడితే కుదరదు. రెండు వారాలు ఇంట్లో పొద్దున, రాత్రి ఐదేసి నిమిషాలు చేసి అలవాటు చేసుకోండి. దడ వస్తోందని ఆ షాపు వదిలేసి వెళ్లడం మాత్రం వద్దు. ఒకసారి వదిలేస్తే మర్నాడు భయం ఇంకా పెరుగుతుంది.

మోటివేషన్ వీడియోల మీద నాకు కోపం లేదు. ఐదు గంటలు నిద్రపోయి, మధ్యాహ్నం దాకా తిండిలేని మనిషికి అవి ఎక్కించే హుషారు పదింటి దాకా కూడా నిలవదు, అంతే. తగ్గిపోయిన ప్రతిసారీ ‘నాలోనే లోపం ఉంది’ అనిపిస్తుంది. మీ విషయంలో నాకు బాధ కలిగించేది ఇదే. ‘ఇవాళ ఏం వద్దులే’ అన్న షాపు ఆయన మనసులో మీరు లేరు. పోయిన వారం సరుకు ఇంకా అటకమీదే ఉండొచ్చు, అరువు డబ్బులు రాక గల్లాపెట్టె ఖాళీగా ఉండొచ్చు. ఆర్డర్ ఇవ్వడం ఆయన చేతిలో ఉంది. ఎన్ని షాపులు తిరిగారు, ఎంతమందితో నిలబడి బాగా మాట్లాడారు, ఎవరి డ్యామేజీ సరుకు వెనక్కి ఇప్పించారు, ఇవి మీ చేతిలో ఉన్నవి. రాత్రి పడుకునే ముందు చిన్న పుస్తకంలో ఈ రెండో రకం లెక్క రాసుకోండి. కంపెనీ లెక్క ఎలాగూ యాప్‌లో ఉంటుంది. లైన్ మొదలుపెట్టేటప్పుడు మొదటి రెండు షాపులు మిమ్మల్ని నవ్వుతూ పలకరించేవారివి పెట్టుకోండి. కసురుకునే ఆయన దగ్గరకు భోజనం అయ్యాక వెళ్లండి, ఆకలి మీద వెళ్లకండి.

నెలాఖరు నిద్ర సంగతి. రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూపులో ‘రేపటి కమిట్‌మెంట్ ఎంత?’ అని మెసేజ్ వస్తే ఎవరికైనా నిద్ర ఎగిరిపోతుంది. ఎనిమిదింటికే మీ అంకె పంపేసి, ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టి, ఫోన్‌ను పడకగదికి బయట ఛార్జింగ్‌కు పెట్టండి. అలారానికి పాత గడియారం చాలు. ఏరియా మేనేజర్‌తో కూడా ఒకసారి మాట్లాడండి. రివ్యూలో పదిమంది ముందు కాకుండా విడిగా, ‘ఆరోగ్యం బాగోలేదు, డాక్టర్ వేళకు తినమన్నారు, మధ్యాహ్నం అరగంట ఆగుతాను’ అని సూటిగా చెప్పండి. మనిషి ఎంత టార్గెట్ మోయగలడో కంపెనీలు కూడా ఆలోచించాలి. పని ఒత్తిడిని ఎడతెగకుండా భరిస్తే వచ్చే తీవ్రమైన నిస్సత్తువ, పని మీద విరక్తి, ఏం చేసినా లాభం లేదనే భావన, ఈ మూడింటినీ కలిపి బర్న్‌అవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని ఉద్యోగంతో ముడిపడ్డ సమస్యగా గుర్తించింది. ఒక్క ఉద్యోగి శ్వాస వ్యాయామాలు చేస్తే తీరేది కాదది.

బండి, బ్యాగు గురించి ఒక్క మాట. బ్యాగు ఒకే భుజానికి వేలాడదీయకుండా రెండు పట్టీలూ వేసుకోండి. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి ఆర్డర్ రాసుకునే అలవాటుంటే మానేయండి, మెడనొప్పులకు అదే మొదలు. షోరూముల్లో రోజంతా నిలబడి అమ్మేవారికి కాళ్ల వాపులు, ఉబ్బిన నరాలు వస్తాయి. అమ్మేవారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాన్ని సవరించాయి. మన షోరూముల యజమానులు చట్టం కోసం ఎదురుచూడకుండా నాలుగు స్టూళ్లు వేస్తే ఎంతో పుణ్యం.

అశ్వగంధ ఇప్పుడు మొదలుపెట్టవద్దు. మూలిక కాబట్టి హాని ఉండదనుకోవడం సరికాదు. కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. థైరాయిడ్ హార్మోన్లనూ ఇది పెంచగలదు, అదే జరిగితే మీ గుండె దడ ఇంకా ఎక్కువవుతుంది. కొందరికి కడుపులోనూ పడదు. మీ పరీక్షలన్నీ అయ్యాక కూడా వాడాలనిపిస్తే ఆయుర్వేద వైద్యుణ్ని నేరుగా కలిసి, వేసుకుంటున్న మందులన్నీ చెప్పి అడగండి.

రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, పిల్లలతో ఆడుకోవడం లాంటి ఇష్టమైనవి కూడా రుచించకపోయినా అది వట్టి టార్గెట్ టెన్షన్ కాకపోవచ్చు. సైకియాట్రిస్ట్‌ను కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లోవారికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక మీరు రోజూ వేసుకుంటున్న గ్యాస్ క్యాప్సూల్. స్ట్రిప్ వెనక పేర్లు చదవండి. ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్‌తో పాటు డోమ్‌పెరిడోన్ అని కూడా ఉంటే ఆ రెండోది నెలల తరబడి వేసుకునేది కాదు. కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుంది. మీకు దడ కూడా ఉంది కాబట్టి ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి. పాంటాప్రజోల్ ఒక్కటే అయినా ఏడాది పాటు సలహా లేకుండా వాడకూడదు, దీర్ఘకాలంలో బి12, మెగ్నీషియం తగ్గొచ్చు. ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ఇంకా ఎక్కువగా ఊరి మంట తిరగబెడుతుంది కాబట్టి డాక్టర్ చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించుకోవాలి. మింగడం కష్టమవుతున్నా, మలం నల్లగా వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఎండోస్కోపీ చేయించుకోవాల్సి ఉంటుంది. ఈసీజీకి వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్‌ను కూడా వెంట తీసుకెళ్లండి.