మిత్రుడి స్టార్టప్‌ కోసం బెంగళూరు వెళ్లాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాకు 34 ఏళ్లు. ఇక్కడే ఒక కంపెనీలో పదేళ్లుగా పనిచేస్తున్నాను. ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్‌ బెంగళూరులో స్టార్టప్‌ పెట్టాడు. పని పెరిగింది, నువ్వొచ్చి ఆపరేషన్స్‌ చూసుకో అంటున్నాడు. జీతం ఇప్పటికంటే తక్కువ, షేర్లు ఇస్తానంటున్నాడు. నా భార్య ప్రభుత్వ టీచర్‌. పాప ఒకటో తరగతి. నాన్నకు బైపాస్‌ అయింది. అమ్మ వద్దంటోంది. నా భార్య మాత్రం ‘మీ ఇష్టం’ అని, అన్నం వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు అభ్యంతరం లేదనుకుంటున్నాను. వెళ్లమంటారా?

జవాబు: ఆమెకు అభ్యంతరం లేదని నాకైతే అనిపించడం లేదు. మనసారా ఒప్పుకున్న మనిషి ఎప్పుడు వెళ్తారు, ఎక్కడ ఉంటారు, నెలకు ఎన్నిసార్లు వస్తారు అని సవాలక్ష అడుగుతుంది. ఒక్కటీ అడగలేదంటే, మీరు అప్పటికే నిర్ణయం తీసేసుకున్నారని ఆమెకు అర్థమైపోయింది.

ఆమెది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం. కర్ణాటకకు బదిలీ కుదరదు. అంటే బెంగళూరు వెళ్లేది మీరొక్కరే. పొద్దున్నే పాపకు జడలేసి, బాక్సు కట్టి, మామగారి మాత్రలు పూటల వారీగా డబ్బాలో సర్ది, మొదటి గంటకల్లా ఆమె బడిలో ఉండాలి. మీరు పంచుకుంటున్న పనులు కూడా రేపు ఆమె మీదే పడతాయి. అర్ధరాత్రి మీ నాన్నగారు ఛాతీలో నొప్పి అంటే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందీ ఆమే. రైల్లో మీరు రావాలంటే ఇంచుమించు 20 గంటలు. ఫ్లైట్‌ అయినా తెల్లారాక సంగతే. ఇంత భారం మోయబోయే మనిషిని ‘వెళ్లనా?’ అని అడిగి వదిలేస్తే ఎలా? ‘నేను లేకపోతే నీకు ఏ సాయం కావాలి?’ అని అడగండి. అడిగి, ఆమె చెప్పేది పూర్తిగా వినండి. పనిమనిషి కావాలన్నా, ఆ ఖర్చు మీరే భరించాలన్నా బేరాలాడకండి.

అలాగని మానుకోమనడం లేదు. నమ్మిన మిత్రుడు పిలిచి బాధ్యత అప్పగిస్తానంటే మనసు లాగుతుంది. ఆ కోరికను బలవంతాన అణచుకుని ఉండిపోయి, ఆ అక్కసు ఏళ్ల తరబడి ఇంట్లోవాళ్ల మీద చూపించే మగవాళ్లను చాలామందినే చూశాను.

డబ్బు లెక్క మాత్రం స్నేహాన్ని పక్కన పెట్టి చూసుకోండి. షేర్లంటే ఈసాప్‌ల (కొంతకాలం పనిచేశాక ఉద్యోగికి కంపెనీ షేర్లు తీసుకునే హక్కు ఇచ్చే పద్ధతి) మాటే అయితే, ఇచ్చిన రోజు నుంచి కనీసం ఏడాది గడిస్తే గానీ అవి మీ పేరిట కావు. మామూలుగా మొత్తం చేతికి రావడానికి నాలుగేళ్లు పెడతారు. స్టాక్‌ మార్కెట్‌లో లిస్టు కాని కంపెనీ షేర్లను అవసరం వచ్చినప్పుడు అమ్ముకోవడమూ తేలిక కాదు. కాబట్టి తగ్గిన జీతంతోనే రెండు చోట్ల ఇల్లు గడుస్తుందా అని చూడండి. బెంగళూరులో ఇంటి అడ్వాన్సే ఐదారు నెలల అద్దె, కొన్నిచోట్ల పది నెలలది కూడా అడుగుతారు. ఎన్ని షేర్లు, ఏ షరతుల మీద అన్నది కాగితం మీద రాయించుకోండి. నిజమైన స్నేహితుడు దీనికి నొచ్చుకోడు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది నాన్నగారి ఆరోగ్య బీమా. ఇప్పుడు మీ కంపెనీ గ్రూప్‌ పాలసీలో ఆయన ఉంటే, మీరు రాజీనామా చేస్తే అదీ పోతుంది. కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్‌ ఉండొచ్చు, అంటే అన్నాళ్లూ ఆ జబ్బుల ఖర్చు బీమా ఇవ్వదు. అందుకే రాజీనామాకు ముందే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో కనుక్కోండి. మీ అమ్మగారి భయంలో సగం ఇదే అయి ఉంటుంది.

మిత్రుడిని రెండు వారాల గడువు అడగండి. మొదటి మూడు నెలలు ఎక్కువ పని ఇక్కడి నుంచే చేసి, నెలకో వారం పది రోజులు అక్కడ ఉండే వీలుందేమో కూడా అడగండి. ఆ పద్ధతి కుదిరితే ఇల్లు ఎలా నడుస్తుందో మీ ఇద్దరికీ తెలుస్తుంది. ఒకవేళ మీ ఆవిడ ‘పాప కాస్త పెద్దదయ్యాక చూద్దాం’ అంటే, మిత్రుడికి మీ నిర్ణయంగానే చెప్పండి. ‘మా ఆవిడ ఒప్పుకోలేదురా’ అని మాత్రం అనకండి.