రోజుకు పదిసార్లు బ్యాలెన్స్ చూసినా భయం ఎందుకు పోదు?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇద్దరు పిల్లలు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 24,000. మా వారు ఏసీ మెకానిక్. ఎండాకాలం నెలకు 35,000 దాకా తెస్తారు, మిగతా నెలల్లో 14,000 రావడమే గొప్ప. పర్సనల్ లోన్ ఈఎంఐ 8,200 ప్రతి నెలా 2న కట్ అవుతుంది, నా జీతం 5 దాటాకే పడుతుంది. క్రెడిట్ కార్డు మీద 40,000 బాకీ ఉంది, మినిమమ్ కడుతూ వస్తున్నాను. ఆ సంగతి మా వారికి పూర్తిగా తెలియదు. 60,000 ఎఫ్‌డీ ఉంది, దాన్ని ముట్టుకోవాలంటే భయం. రోజుకు పదిసార్లు ఫోన్లో బ్యాలెన్స్ చూసుకుంటాను, కార్డు స్టేట్‌మెంట్ మాత్రం తెరవను. రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఎస్ఐపీ (నెలనెలా కొంత మ్యూచువల్ ఫండ్‌లో పెట్టడం) మొదలుపెడితే ఈ టెన్షన్ తగ్గుతుందా?

జవాబు: ఎస్ఐపీ సంగతి తర్వాత. ముందు ఆ పదిసార్లు చూడడం గురించి మాట్లాడుకుందాం. ఖాతాలో 11,000 కనిపించిందనుకోండి. అందులో 8,200 ఎల్లుండి ఈఎంఐకి పోయేదే. మిగిలిన దాంట్లోంచే గ్యాస్, కరెంటు బిల్లు. ఎంత ఉందో ఫోన్ చెబుతుంది గానీ, అందులో ఎంత ఖర్చు పెట్టుకోవచ్చో చెప్పదు. అందుకే ఎన్నిసార్లు చూసినా ధైర్యం రావడం లేదు.

ఆదివారం ఒక ఇరవై నిమిషాలు పెట్టుకోండి. పిల్లల పాత నోట్‌బుక్ చాలు. (ఖర్చుల యాప్‌ల మీద నాకంత నమ్మకం లేదు, రెండో వారానికే అందరూ వదిలేస్తారు.) వచ్చే వారం కట్టాల్సినవి తారీఖులతో సహా రాసి, ఖాతాలో ఉన్నదాంట్లోంచి తీసేయండి. మిగిలిందే ఆ వారం ఖర్చుకు. మధ్యలో బ్యాలెన్స్ చూడాలని చెయ్యి లాగితే ఆ పేజీ తీసి చూడండి.

మొదటి ఆదివారం మాత్రం కార్డు స్టేట్‌మెంట్ తెరవాలి, అదీ మీ వారి పక్కన కూర్చునే. ఒక గంట గొడవ అవుతుందేమో, అవనివ్వండి. దాచిన బాకీని ఒక్కరే మోయడం అంతకంటే కష్టం.

ఇప్పుడు లెక్క. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుందాం, చాలా కార్డులది ఆ చుట్టుపక్కలే ఉంటుంది. 40,000 మీద 1,400 వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ 252. మొత్తం 1,652. మినిమమ్ అని మీరు 2,000 కడితే అసలులో తగ్గేది 348 రూపాయలు. అదే మీ ఎఫ్‌డీకి 7 శాతం వడ్డీ వస్తుందనుకున్నా నెలకు 350 మాత్రమే. కాబట్టి ఎఫ్‌డీ తీసి కార్డు బాకీ మొత్తం ఒకేసారి కట్టేయండి. గడువుకు ముందే తీసినందుకు బ్యాంకు వడ్డీలో కొంత కోస్తుంది, ఫర్వాలేదు. ఉన్న కాస్త పొదుపూ కరిగిపోతోందని బాధగా ఉంటుంది, తెలుసు. కానీ 60,000 పొదుపు, 40,000 అప్పు ఉన్నప్పుడు మీకు నిజంగా ఉన్నది 20,000 మాత్రమే. ఆ 20,000 యూపీఐకి లింకు చేయని వేరే ఖాతాలో పెట్టండి. కార్డుకు పోయే 2,000 ఇకనుంచి ఆర్డీకి (బ్యాంకులో నెలనెలా కొంత కట్టే డిపాజిట్) మళ్లించండి. బాకీ మోస్తున్నంత కాలం కొత్తగా గీకిన ప్రతిదానికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది కాబట్టి, అది తీరేదాకా కార్డు బీరువాలోనే ఉండనివ్వండి.

ఈఎంఐ తారీఖును 2 నుంచి 10కి మార్చమని లోన్ ఇచ్చినవాళ్లకు రాసి అడగండి. కొందరు ఒప్పుకుంటారు. బౌన్స్ అయితే అటు లోన్ సంస్థ, ఇటు బ్యాంకు రెండూ చార్జీలు వేస్తాయి, క్రెడిట్ స్కోరు కూడా పడిపోతుంది.

మీ ఇంటికి అసలు బలం ఎండాకాలమే. ఇల్లు ఎప్పుడూ మీ 24,000, ఆయన 14,000 మీదే నడవాలి. మార్చి, ఏప్రిల్, మేలో ఆ పైన వచ్చే 21,000 చొప్పున మొత్తం 63,000 వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. చేతినిండా పని ఉన్న ఆ నెలల్లోనే కొత్త ఫోను, ఫ్రిజ్జు గుర్తొస్తాయి, జాగ్రత్త. జూన్‌లో స్కూలు ఫీజులు, బండి ఇన్సూరెన్సు, దసరా, సంక్రాంతి... ఇవేవీ హఠాత్తుగా వచ్చే ఖర్చులు కావు. ఏడాదికి ఎంతవుతుందో ఒకసారి రాసుకోండి, 63,000 సరిపోతుందో లేదో అక్కడే తేలిపోతుంది. చాలకపోతే ఆ తేడాను పన్నెండుతో భాగించి నెలనెలా తీసిపెట్టండి.

మీ వారు నిచ్చెనలెక్కి పనిచేసే మనిషి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు ఇస్తారు. జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు. 50 ఏళ్లలోపు చేరాలి, మొదటి నెల దాటాక ఏ కారణంతో పోయినా 2 లక్షలు వస్తాయి. రెండూ మీ బ్యాంకులోనే తీసుకోవచ్చు. ఇద్దరూ చేరండి.

ఇవన్నీ చేశాక కూడా నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఎస్ఐపీ ఇప్పుడు వద్దు. మార్కెట్ పడిన నెలలో అది కూడా ఎరుపు రంగులో కనిపిస్తే, రోజుకు పదిసార్లు చూసుకునే అంకెలు రెండవుతాయి. వచ్చే జూన్ ఫీజులు అప్పు చేయకుండా కట్టి, ఆ వేరే ఖాతాలో మూడు నెలల ఇంటి ఖర్చు పోగయ్యాక మళ్లీ రాయండి. అప్పుడు ఎంతతో మొదలుపెట్టాలో చూద్దాం.