రెండేళ్ళకే యువ క్వార్టర్‌బ్యాక్‌ను వదిలేయాలా?

అన్నా, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, కరోలినా ప్యాంథర్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) బ్రైస్ యంగ్‌లా మొదటి ఏడాదే తేలిపోయిన కుర్రాణ్ణి రెండేళ్ళకే వదిలేసి కొత్తవాణ్ణి తెచ్చుకోవచ్చు కదా, జట్టులో మూడో క్వార్టర్‌బ్యాక్ దండగ కదా అని మీరన్నారు. రెండింటికీ నేను ఒప్పుకోను.

2023లో, తన మొదటి సీజన్‌లో, యంగ్‌ను 62 సార్లు శాక్ చేశారు, అంటే బంతి విసిరేలోపే పడగొట్టారు. అతన్ని తెచ్చుకోవడానికి ప్యాంథర్స్ డ్రాఫ్ట్ పిక్‌లతో (కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే వంతులతో) పాటు తమ మేటి రిసీవర్ (పాస్ అందుకునేవాడు) డీజే మూర్‌నూ షికాగో బేర్స్ జట్టుకు ఇచ్చేశారు. బంతి విసరడానికి సమయం లేదు, అందుకునే నమ్మకమైన చేతులూ తక్కువే. అలాంటి చోట ఎవరున్నా తడబడతారు. 2024లో క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌లో గార్డులుగా రాబర్ట్ హంట్, డేమియన్ లూయిస్ వచ్చారు. అయినా రెండు మ్యాచ్‌లకే యంగ్‌ను కూర్చోబెట్టి అనుభవమున్న క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్‌ను ఆడించారు. కారు ప్రమాదంలో డాల్టన్ చేతి బొటనవేలికి దెబ్బ తగిలాకే యంగ్‌కు మళ్ళీ పిలుపు. చివరి మ్యాచ్‌లో అట్లాంటా మీద 44-38తో గెలుపు, అందులో యంగ్‌వి పాస్ విసిరి చేయించిన టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివారి గీత దాటించి తెచ్చే స్కోర్లు) మూడు, తానే పరుగెత్తి చేసినవి రెండు. నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి.

కాబట్టి ముందు అతని ముందున్న లైన్‌ను చూడండి, తర్వాతే అతన్ని తూచండి. డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆటగాడి నాలుగేళ్ళ ఒప్పందాన్ని ఐదో ఏడాదికి పొడిగించే ఆప్షన్ మీద జట్టు నిర్ణయం మూడో సీజన్ అయ్యాకే. అంతవరకు జీతం భారమూ తక్కువే, తొందరెందుకు?

మూడో క్వార్టర్‌బ్యాక్ సంగతంటారా, 2023 జనవరిలో ఎన్‌ఎఫ్‌సీ (ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఫైనల్లో శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్‌లు పర్డీ, జాన్సన్ ఇద్దరూ గాయపడ్డారు. ఆ తర్వాతే అత్యవసర మూడో క్వార్టర్‌బ్యాక్ నియమం మళ్ళీ తెచ్చారు. 2024 నుంచి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (ప్రధాన జట్టు బయట సాధన చేసే బృందంలో) ఉన్నవాణ్ణీ అలా వాడుకోవచ్చు, ప్రధాన జట్టులోని 53 మందిలో చోటు పోదు.