క్రాంక్ ఆడుతోందంటున్నారు, గ్యారేజీ మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ పటమట, ఉద్యోగం గుంటూరులో. నా డీజిల్ కారుకి 2024లో ఇక్కడే ఒక గ్యారేజీలో ఇంజన్ పని మొత్తం చేయించాను. క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు) లేత్‌కి పంపి పది సైజు కొట్టించామని, అంటే చెక్కించి నున్న చేయించామని, బేరింగులు, క్లచ్ సెట్టు కొత్తవి వేశామని చెప్పారు. రూ.1,18,000 అయింది. 70,000 ఫోన్‌పేలో, మిగతాది నగదుగా ఇచ్చాను. బిల్లు ఇవ్వలేదు, తెల్లకాగితం మీద ఎస్టిమేట్ మాత్రం ఉంది. ఆగస్టు 14న బండి చేతికిచ్చారు. డిసెంబరు నుంచే క్లచ్ తొక్కితే కింద టకటకమని చప్పుడు, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోవడం. ఎన్నిసార్లు తీసుకెళ్లినా బెల్టు, మౌంటింగు అని ఏదో ఒకటి మార్చి పంపారు. మొన్న ఏప్రిల్‌లో ఆటోనగర్‌లో మరో మెకానిక్ చూసి, క్రాంక్ ముందుకీ వెనక్కీ ఆడుతోంది, దాన్ని అటూ ఇటూ జరగకుండా ఆపే త్రస్ట్ వాషర్లు అరిగిపోయాయి అన్నాడు. పాతిక వేలిస్తే రెండు రోజుల్లో విప్పి సరిచేస్తానని, ఆ బిల్లు పెట్టి కేసు వేసుకోమని అంటున్నాడు. గ్యారేజీ ఓనరేమో ‘మీరు క్లచ్ మీద కాలు తియ్యరు, నాదేం తప్పు’ అంటున్నాడు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టిన డబ్బు ఇది. ఇంట్లో రోజూ గొడవే, టెన్షన్‌తో నిద్ర లేదు. పది లక్షలకు కేసు వేయాలనుకుంటున్నాను. మా బావమరిదికి తెలిసిన ఎస్‌ఐ ద్వారా ఓనరుతో మాట్లాడించాలా? ఈలోగా బండి అలాగే నడుపుతున్నాను, ఆదివారాలు తెలిసినవాళ్లకు అద్దెకి కూడా ఇస్తున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో తాకట్టు, గొడవలు, నిద్ర గురించి కూడా రాశారు. అవేవీ ఈ కేసును తేల్చవు. దీన్ని తేల్చేది ఒక్కటే: ఆ త్రస్ట్ వాషర్లు ఎందుకు అరిగాయి? బిగించడంలో తప్పు వల్లా, మీ కాలు వల్లా? దానికి జవాబు ఇప్పటికీ మీ ఇంజన్ లోపలే భద్రంగా ఉంది. ఆటోనగర్ మెకానిక్ చెప్పినట్టు చేస్తే రెండు రోజుల్లో అది తుక్కు డబ్బాలోకి పోతుంది.

కాబట్టి ముందుగా చెప్తున్నాను, ఇంజన్ విప్పించకండి. పాతిక వేల బిల్లు చూపిస్తే మీరు పాతిక వేలు ఖర్చు పెట్టారని రుజువవుతుంది, అంతే. ఎవరి తప్పు వల్ల పెట్టాల్సి వచ్చిందో ఆ బిల్లు చెప్పదు. రేపు అవతలి వకీలు లేచి ‘విప్పేముందు మా క్లయింటుకి ఎందుకు చెప్పలేదు, పాత వాషర్లేవి, ఆ మెకానికే మధ్యలో ఏదో చేసి ఉండడా’ అని మూడు ప్రశ్నలు వేస్తే మీ దగ్గర సమాధానం ఉండదు. బండి లోపం కేసుల్లో రుజువు భారం ఫిర్యాదుదారు మీదే. ఇలా రిపేరయిన ఇంజన్‌తో వినియోగదారుల కమిషన్ మెట్లెక్కి ఉత్త చేతులతో దిగివచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇక ‘ఆడుతోంది’ అన్న మాట సంగతి. క్రాంక్‌షాఫ్ట్ పొడవునా ముందుకీ వెనక్కీ కొంత కదలడం తప్పు కాదు, మధ్యలో ఆయిల్ పొర నిలవాలంటే ఆ ఖాళీ ఉండాల్సిందే. దాన్నే మెకానిక్కులు ఎండ్ ప్లే అంటారు. మామూలు కార్లలో ఇది మిల్లీమీటరులో పదో వంతు నుంచి పదింట మూడు వంతుల దాకా, అంటే 0.1 నుంచి 0.3 లోపు ఉంటుంది. కచ్చితమైన హద్దు మీ ఇంజన్ సర్వీస్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఇంత చిన్న కొలతను కంటితో చూసి ‘బాగా ఆడుతోంది’ అంటే కమిషన్ దగ్గర ఆ మాటకు విలువ లేదు. పైగా కంటికి మోసం కూడా జరుగుతుంది. కొన్ని బండ్లలో క్రాంక్ పుల్లీకి మధ్యలో రబ్బరు ఉంటుంది. అది వదిలేస్తే పుల్లీ బయటి చట్రం ఒక్కటే ఊగుతుంది, క్రాంక్ మాత్రం కదలదు. అది చూసి క్రాంకే పోయిందనుకునేవాళ్లు ఉన్నారు.

కొలిచే పద్ధతి ఇదీ. డయల్ గేజ్‌ని (చిన్న కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) అయస్కాంతం స్టాండుతో ఇంజన్ బ్లాకుకి అతికిస్తారు. దాని మొనను పుల్లీ చట్రానికి కాకుండా క్రాంక్ చివర ఉండే బోల్టు మధ్యలో, క్రాంక్‌కి సూటిగా ఆనిస్తారు. ఒక బార్‌తో క్రాంక్‌ని నెమ్మదిగా పూర్తిగా వెనక్కి జరిపి ముల్లును సున్నా మీద పెడతారు. తర్వాత పూర్తిగా ముందుకు జరిపి ముల్లు ఎంత తిరిగిందో చూస్తారు. ఇంజన్ విప్పనక్కర్లేదు. ఆ అంకె మాన్యువల్‌లో రాసిన హద్దు దాటితే మీ కేసుకు పునాది పడ్డట్టు. మరొకరు క్లచ్ తొక్కుతుంటే పుల్లీ బోల్టు ముందుకు జరగడాన్ని వీడియో తీసి పెట్టుకోండి, కానీ అంకె లేని వీడియో ఒక్కదాని మీద ఆధారపడకండి.

అయితే ఆ అంకె ‘ఎంత’ అన్నదే చెప్తుంది. ‘ఎందుకు’ అన్నది వాషర్లు చెప్పాలి. క్లచ్ తొక్కినప్పుడు మామూలు క్లచ్‌లో ఆ ఒత్తిడి ఫ్లైవీల్ (క్రాంక్ చివర ఉండే బరువైన చక్రం) మీదుగా క్రాంక్‌ని ఇంజన్ ముందువైపు తోస్తుంది. ఆ తోపునంతా మోసేది అర్ధచంద్రాకారంలో ఉండే ఆ పలుచని త్రస్ట్ వాషర్లే, అందులోనూ వెనకవైపువి. వాషర్‌కి ఒక ముఖాన ఆయిల్ గాళ్లు ఉంటాయి. ఆ ముఖం క్రాంక్ వైపే ఉండాలి. తిరగేసి బిగిస్తే ఆయిల్ అందక కొద్ది నెలల్లో అరిగిపోతాయి. లేత్‌లో క్రాంక్ పక్క ముఖాన్ని గరుకుగా వదిలేసినా అంతే, ఆకురాయిలా తినేస్తుంది. వాషర్ తిరగబడి ఉన్నా, క్రాంక్ ముఖం మీద రాపిడి గీతలు ఉన్నా అది పని చేసినవాళ్ల ఖాతాలోకి వెళ్తుంది. అలా కాకుండా అన్నీ సరిగ్గా బిగించి ఉండి, వెనకవైపు వాషర్ ఒక్కటే నున్నగా అరిగి ఉంటే ఓనరు వాదనకు బలం వస్తుంది.

అక్కడితో మీ కేసు పోయినట్టు కాదు. క్లచ్ కూడా ఆ గ్యారేజీ వాళ్లే వేశారని రాశారు. కథలో మధ్యలో ఎక్కడో ఇరికించిన ఆ ఒక్క వాక్యమే మీకు పెద్ద ఆయుధం. పెడల్‌కి ఉండాల్సిన ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పట్టుకోకముందు పెడల్ వదులుగా కదిలే దూరం, లేకుండా క్లచ్ సెట్ చేస్తే, కాలు పెట్టకపోయినా ఒత్తిడి క్రాంక్ మీద పడుతూనే ఉంటుంది. అది డ్రైవరు తప్పు కాదు. నిజంగా మీరే రోజంతా క్లచ్ మీద కాలు పెట్టి నడిపి ఉంటే క్లచ్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగు కూడా సాధారణంగా ఆ ఆనవాళ్లు చూపిస్తాయి. అందుకే క్లచ్ కూడా ఇప్పుడే ముట్టుకోనివ్వకండి. పెడల్ ఫ్రీ ప్లే ఎంతుందో డయల్ గేజ్ రీడింగు తీసిన రోజే కొలిపించి రాయించండి.

ఇంత జరిగినా బండి నడుపుతూనే ఉన్నానని రాశారు. రోజూ వారధి దాటి గుంటూరు వెళ్లిరావడం, పైగా అద్దెకివ్వడం! వాషర్ పూర్తిగా అరిగితే క్రాంక్ నేరుగా బ్లాకును రాస్తుంది. అప్పుడు పాతిక వేలతో పోయే పని బ్లాకు మార్చేదాకా వెళ్తుంది. ఆ పెరిగిన నష్టం మీరు కొనితెచ్చుకున్నదేనని అవతలివాళ్లు అంటే నేను కూడా కాదనలేను. నష్టం తెలిసిన తర్వాత దాన్ని తగ్గించుకునే ప్రయత్నం చేయాలని కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణ చెప్తుంది. ఈ ఉత్తరం చదివిన రోజు నుంచి బండి షెడ్డులో పెట్టేయండి, మీటరు రీడింగు ఫోటో తీయండి.

అద్దె సంగతి ఇంకా చిక్కు. వాణిజ్య అవసరానికి సేవ పొందినవాళ్లు వినియోగదారు నిర్వచనంలోకి రారు. మీ ప్రధాన వాడకం సొంతానికే కాబట్టి దాన్ని దాటొచ్చు. కానీ సొంత బోర్డు బండి పర్మిట్ లేకుండా అద్దెకివ్వడం మోటారు వాహనాల చట్టం కింద తప్పు. పైగా ‘ఎంతమంది నడిపారో, ఎవరు క్లచ్ మీద నిలబడ్డారో’ అన్న వాదన మీరే వాళ్లకు అందించారు. అఫిడవిట్‌లో దీన్ని దాచొద్దు, దాచినది బయటపడితే మిగతా నిజాలు కూడా మునుగుతాయి. ఆ అద్దెలు మాత్రం ఇవాళే ఆపండి.

గడువు దగ్గరికి వద్దాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. అసలు లోపం 2026 ఏప్రిల్‌లోనే తెలిసిందని వాదించొచ్చు, చప్పుడు మొదలైన డిసెంబరు నుంచి లెక్కించమనొచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించే వీలూ ఉంది. అవన్నీ చేయి జారాక పట్టుకునే ఊతకర్రలు. బండి చేతికిచ్చిన రోజు నుంచే లెక్క వేసుకోండి: 2024 ఆగస్టు 14. ఇప్పుడు మే నెల నడుస్తోంది, మిగిలింది మూడు నెలలే. ‘ఈ వారం చూద్దాం సార్’ అని ఓనరు ఏడాదిన్నర తిప్పాడు, మీరు తిరిగారు. ఆ తిరుగుళ్లు గడువును ఆపవు. లాయర్ నోటీసు ఇచ్చినా, వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినా గడియారం ఆగదు.

బిల్లు లేదని దిగులు పడకండి. చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడం అదే వినియోగదారుల చట్టం 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార పద్ధతే, ఫిర్యాదులో దాన్ని విడిగా రాయాలి. ఫోన్‌పే చెల్లింపులకు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. తెల్లకాగితం ఎస్టిమేట్‌లో చేతిరాత ఓనరుదైతే అది బంగారం, లామినేషన్ చేయించకుండా అలాగే ఉంచండి. నగదు 48,000కి మాత్రం కాగితం లేదు. ఎస్టిమేట్ మొత్తం, వాట్సాప్‌లో డబ్బు గురించి మాట్లాడుకున్న మాటలు కలిపి చూపించాలి. ఓనరు పంపిన వాయిస్ మెసేజిలు ఒక్కటి కూడా చెరపకండి, ఆ ఫోన్ అమ్మకండి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య నిబంధనలను తు.చ. తప్పకుండా పట్టుకోదు. అయినా భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేస్తే అభ్యంతరానికి తావుండదు. క్రాంక్ కొట్టిన లేత్ షాపు పేరు తెలిస్తే దాన్ని కూడా రెండో ప్రతివాదిగా చేర్చండి. లేకపోతే ఓనరు తప్పును అటు నెట్టి తప్పుకోవాలని చూస్తాడు.

ఎస్‌ఐ ఆలోచన మానుకోండి. పని చెడగొట్టడం వేరు, మోసం వేరు. డబ్బు తీసుకునేటప్పుడే మోసగించే ఉద్దేశం ఉంటేనే అది నేరమవుతుంది. స్టేషన్‌లో కూర్చోబెట్టి ఇరవై వేలు ఇప్పించి ‘ఇక ఏ బాకీ లేదు’ అని మీతో సంతకం పెట్టిస్తే, మీ వినియోగదారు కేసు ఆ కాగితంతోనే ముగిసిపోయే ప్రమాదం ఉంది.

చేయాల్సింది ఇదీ. ఈ వారంలోనే ఓనరుకి నోటీసు పంపండి. స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ అయిన రుజువు దాచుకోండి, అదే నోటీసు వాట్సాప్‌లో కూడా పెట్టండి. ఫలానా తేదీన, ఫలానా చోట క్రాంక్ ఎండ్ ప్లే కొలుస్తున్నామని, వచ్చి చూసుకోమని అందులో రాయాలి. పది రోజులు గడువివ్వండి. కొలిచే మనిషి మీ స్నేహితుడు కాకూడదు. ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ విభాగం అధ్యాపకుడో, లైసెన్సున్న మోటారు సర్వేయరో అయితే మంచిది, గేజ్ రీడింగు, మాన్యువల్ హద్దు రెండూ సంతకంతో రాసివ్వాలి. ఓనరు రాకపోతే రాలేదని అందులోనే రాయించండి.

బండి విప్పడం కమిషన్ ఉత్తర్వుతో జరిగితే అన్నిటికంటే బలం. ఫిర్యాదుతో పాటే వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద నిపుణుడి పరీక్షకు, బండిని ఉన్న స్థితిలో ఉంచేందుకు మధ్యంతర దరఖాస్తు వేయండి. అన్నాళ్లు బండి లేకుండా కుదరదంటే రెండో దారి ఉంది. మళ్లీ నోటీసిచ్చి, అదే నిపుణుడి ఎదుట, వీడియో ఆపకుండా తీస్తూ విప్పించండి. వాషర్ ఏ ముఖం ఎటు ఉందో తీయకముందే ఫోటో తీయాలి. పాత వాషర్లు, బేరింగులు, క్లచ్ ప్లేటు, ఇంజన్ కింద ఆయిల్ నిలిచే సంపులో మిగిలిన ఆయిల్ కొంచెం విడివిడిగా సీలు చేసి, అందరి సంతకాలతో మీ దగ్గర ఉంచుకోవాలి. ఆ తర్వాతే రిపేరు, దానికి జీఎస్టీ బిల్లు.

ఫిర్యాదు విజయవాడ జిల్లా కమిషన్‌లో వేయండి. మీరు పనిచేసేది గుంటూరు కాబట్టి అక్కడ కూడా వేయొచ్చు. కానీ గ్యారేజీ, బండి, సాక్షులు అన్నీ ఇటే ఉన్నాయి. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. పది లక్షల మాట మర్చిపోండి. లక్షా పద్దెనిమిది వేల పనికి పది లక్షలు అడిగితే చదివేవాళ్లకు మిగతా కాగితాల మీద కూడా నమ్మకం సడలుతుంది. రిపేరు ఖర్చు, చెడిన పనికి తీసుకున్న డబ్బు, నిపుణుడి ఫీజు, బండి నిలిచిపోయిన రోజుల రవాణా ఖర్చు రశీదులతో, మానసిక వేదనకు ఓ సహేతుకమైన మొత్తం, కేసు ఖర్చులు అడగండి. తాకట్టు రశీదు ఉంటే ఆ వడ్డీ కూడా అడగొచ్చు, ఇస్తారన్న హామీ లేదు. జూలై ఆఖరుకల్లా ఫిర్యాదు దాఖలై నంబరు పడాలి. ఆగస్టు రెండో వారం దాకా ఆగితే స్కానింగులో ఒక పేజీ సరిగా రాలేదని వెనక్కి పంపినా సరిదిద్దుకునే వ్యవధి ఉండదు.